చాయ్ గ్లాసు కొలత

మీటింగ్ హాలేం గాదది,
నల్గొండ పెద్దదవాఖానల డయాలసిస్ వార్డు పక్కన
సెలైన్ డబ్బాలు పెట్టే గది.
డబ్బాలు గోడకు జరిపి తొమ్మిది కుర్చీలేసిన్రు.
నలుగురు డాక్టర్లు, ఒక నర్సమ్మ,
మిగిలిన నాలుగిట్ల మేము.

"కిడ్నీ పాడైనోళ్లను ఎట్ల చూసుకోవాల్నో
పద్ధతులు రాస్తున్నం.
మీరు లేకుండ రాస్తే సగమే అయితది"
అన్నది నస్రీన్ మేడం.
నాలుగేండ్ల సంది మాకు చెప్పినోళ్లే గని
అడిగినోళ్లు లేరు.
ఏం జెప్పాల్నో తెల్వక
కొంగు ముడి ఇప్పి మల్ల ఏసుకున్న.

మొదటి కాయితం చదివిన్రు:
రోగి దినానికి ముప్పావు లీటరుకు మించి ద్రవాలు తీసుకోరాదు.
జాన్‌పాషా చెయ్యి లేపిండు,
సూదులు దిగి దిగి తాడు లెక్క ఉబ్బిన చెయ్యి.
"మే నెలల ఆటో తోలేటోనికి
ముప్పావు లీటరు పొద్దుగాల పదింటికే ఒడుస్తది సార్.
పదకొండింటికి ఏం జెయ్యాల్నో
గా కాయితంల ఉన్నదా?"
పెద్ద డాక్టరు పెన్ను మూత తీసిండు.

అప్పుడు నేనన్న:
మా ఇంట్ల లీటరు లేదు సారూ,
చాయ్ గ్లాసున్నది.
గోలీలకు ఒకటి, అన్నం తిన్నంక ఒకటి,
పొద్దూకినంక ఇయ్యనీకి రెండు దాసిపెడత.
ఆయన తాగడు, నాలిక మీద నిలబెట్టుకుంటడు.
నాకు దూపయితే
తలుపెనకకు పోయి తాగుత,
గుటక సప్పుడు ఇనబడకుండ.
అది ఏ పేజీల రాస్తరు?

ఎవ్వరు మాట్లాడలే.
గోడ అవతల మిషను కూతేసింది,
నర్సమ్మ లేచి పోయొచ్చింది.

మాకు నూటిరవై బత్తాయి చెట్లు.
కాయ దింపి లారీకెక్కిస్తం.
ఆయనకు ఒక్క తొన గూడ వద్దన్నరు, పొటాషియమంట.
కోత దినం ఆయన గెట్టు మీద కూసోని
తొక్క గోటితో గీరి వాసన జూస్తడు.
"వాసన జూడొచ్చని గూడ రాయాల్నా?"
పడుసు డాక్టరు నవ్విండు.
రాయిరి, అన్న.
నేను నవ్వలే.

ద్వాలీ అప్పటిదాంక నోరిప్పలే.
చందంపేట దిక్కు తండా ఆమెది,
పంతొమ్మిదేండ్ల కొడుకు వార్డుల పండుకున్నడు.
"మా తండాకు ఒక్కటే బస్సు.
పొల్లగానికి ఆరింటి షిఫ్టు ఇచ్చిన్రు.
రెండుసార్లు రాలేదని
చీటిల ఏందో రాసిన్రు,
అడిగితే, మాట ఇనని రోగి అని రాసినమన్నరు.
నా కొడుకు ఇంటడు సారూ.
బస్సే ఇనది."

మూడున్నరకు
మేం జెప్పినయన్ని చదివి ఇనిపిచ్చిన్రు.
నా తలుపు, నా గుటక, మూల కుండ,
అన్ని కలిపి రెండు మాటలయినయి:
సంరక్షకుల భారం.

బరువు గాదు మేడం, అన్న.
బరువైతే ఎక్కడనో ఒకకాడ దించుదును.
ఇంకేమన్నా రాయిరి.
"ఏం రాద్దాం?" అన్నది మేడం, నిజంగనే అడిగింది.
నాకు మాట దొరకలే.
ఆ రెండు మాటల కింద గీత గీసి
పక్కన జాగ ఇడిసిపెట్టింది.
వచ్చే నెల మల్ల రమ్మన్నది,
బస్సు కిరాయి ఇస్తరట.

దేవరకొండ బస్సుల కిటికీ పక్క సీటు దొరికింది.
కట్టు కట్టిన చెయ్యి నా ఒళ్లె పెట్టి
"ఏమడిగిన్రు?" అన్నడు.
నీళ్ల సంగతి.
"ఎన్ని గ్లాసులన్నరు?"
ఇంక తేలలే.
"తేలలేదా! అయితే ఒకటి ఎక్కువ పొయ్యి"
అనుకుంట, శాన దినాలకు, పండ్లు కనబడేటట్టు నవ్విండు.

సీసా మూత తీసిన.
మూతెడు పోసిచ్చిన.
ఇంకో మూతెడు పోసుకోని
నేను గూడ తాగిన,
ఆయన ముంగటనే.