ఊపిరి పరీక్ష

మద్దిలపాలెం డిపోలో
నాలుగుంపావుకి ఒక గొట్టం నా కోసం కాచుకుని ఉంటుంది.
ఊదాలి.
ఎనభై మూడు రోజులుగా నోట్లో చుక్క పడలేదు,
అయినా ఊదేటప్పుడు కాళ్ళు ఒణుకుతాయి.
రాత్రి కలలో తాగింది
ఈ మిషన్‌కి తెలిసిపోతుందేమోనని.

కల అబద్ధమే. గొంతులో మంట నిజం.
చీకట్లో లేచి కూచుని, అరచేతిలోకి నేనే ఊదుకుని
వాసన చూసుకుంటాను,
దొంగ తన జేబు తానే తడుముకున్నట్టు.
గౌరి లేవదు. లేవనట్టు పడుకుంటుంది.
పదకొండేళ్ళలో ఆమె నేర్చుకున్న విద్య అది,
కళ్ళు మూసుకుని నా అడుగుల్ని తూచడం.

సున్నా.
మిగతా డ్రైవర్లు సంతకం గీకి వెళ్ళిపోతారు.
నేను ఇంకాసేపు చూస్తాను.
బడిలో సున్నా వస్తే మా నాన్న వీపు చిట్లగొట్టేవాడు.

తాగే రోజుల్లో ఈ భయం లేదంటే నమ్మరు.
ఉండేదేమో. సీసా దాన్ని మోసేది.
ఇప్పుడు అది నా భీమిలి బస్సులో
టిక్కెట్టు లేకుండా ఎక్కి
నా సీటు వెనకే నిలబడుతుంది.
తెన్నేటి పార్కు మలుపులో మెడ మీద ఊపిరి వదుల్తుంది.
బ్రేకు పడకపోతే?
ఆ స్కూటరు పిల్ల అడ్డొస్తే?
సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి
తాళం వేసి ఉంటే?

పెద్ద వాల్తేరు ఆసుపత్రికి వెళ్ళడానికే
రెండు నెలలు సిగ్గుపడ్డాను.
ఈ ఊళ్ళో పుట్టినవాడికి ఆ గేటు పేరే ఒక తిట్టు కదా.
అక్కడి డాక్టరమ్మ నవ్వలేదు, ఒట్టు వేయించుకోలేదు.
"గుండె పరిగెడితే దానితో నువ్వు పరిగెట్టకు,
ఎదురుగా ఉన్నవి ఐదు లెక్కపెట్టు" అంది.
లెక్కపెడతాను.
లంగరేసిన ఓడ.
కైలాసగిరి తీగమీద ఊగుతున్న ఖాళీ పెట్టె.
జోడుగుళ్ళపాలెంలో వల దులుపుతున్న ముసలాయన.
ఆయన కుక్క.
ఐదోది ఎప్పుడూ సాగర్‌నగర్ దగ్గరి ఆకుపచ్చ బోర్డే.
ఆ వేళకి షట్టరు వేసే ఉంటుంది,
అయినా నాలిక లేస్తుంది.

కండక్టరు సన్యాసమ్మకి నా లెక్కలు తెలీవు.
తెలుసేమో కూడా.
సరిగ్గా అక్కడికొచ్చేసరికి
"ఏటి గురువులన్నా, సముద్రం సూసినావా,
చారు మరిగినట్టుంది!" అని అరుస్తుంది.
చూస్తాను.
బోర్డు వెనక్కి పోతుంది.

నిన్న సముద్రం సాయం చెయ్యలేదు.
మంగమారిపేట దగ్గర చేతులు రెండూ నావి కాకుండా పోయాయి.
బస్సు పక్కకి తీసి ఆపేశాను.
"ఏటైంది?"
"తాగీసినాడేటి?"
ఎవరన్నారో తెలీదు.
ఎనభై రెండు రోజులూ
ఆ ఒక్క మాట కన్నంలోంచి కారిపోయాయి.

సన్యాసమ్మ నీళ్ళ సీసా ఇచ్చింది.
మూత తియ్యడం నాకు రాలేదు, ఆమే తీసింది.
ఖాళీ గంప కింద పెట్టి ఒకావిడ ముందుకొచ్చి
చేపల వాసన వదలని చేత్తో
నా చెయ్యి నొక్కి పట్టుకుంది.
"మా ఆయనకీ ఇంతే, మానీసిన కొత్తల్లో.
ఉండు బాబూ, దిగిపోతాది."

ఆయన ఇప్పుడెలా ఉన్నాడని
నేను అడగలేదు.

ఏడు నిమిషాలు లేటు.
భీమిలిలో రిజిస్టరు తీసి
'ఇంజను వేడెక్కింది' అని రాసి, కొట్టేసి,
'డ్రైవరు ఊపిరి తీసుకున్నాడు' అని రాశాను.
కంట్రోలరు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి
ఏమీ అనకుండా సంతకం పెట్టాడు.

ఈ తెల్లారి గౌరి లేచే ఉంది.
డబ్బా చేతికిస్తూ, ఎన్నాళ్ళకో,
నా నోటివైపు కాకుండా నా కళ్ళలోకి చూసింది.
"చారు పోశాను, ఒలికించుకోకు" అంది.

గొట్టం. ఊదాను.
సున్నా.
కాళ్ళు ఇంకా ఒణుకుతూనే ఉన్నాయి.
వాటితోనే బస్సెక్కాను.