జానెడు బండి

ముప్పై ఒక్క ఏండ్లు కొండ బస్సు తోలినాను.
వెనక జనం గోవిందా అంటా ఉంటే
మలుపులో అద్దం చూడకుండానే
బస్సు తోక యాడుండాదో
నా నడుముకు తెలిసేది.

రిటైరైన మూడో నెల ఈ చిన్న కారు కొన్నాను,
పాతది, పాకాలలో ఒక టైలరు దగ్గర.
సీట్లో కూర్చుని వెనక్కి చెయ్యి చాపితే
వెనక అద్దం తగిలినంత పనయింది.
ఇంతేనా, అన్నాను.
ఇంతే సార్, అన్నాడు,
మెడలో టేపు సర్దుకుంటా.

కొర్లగుంటలో మా సందు ఎంత వెడల్పో
ఎప్పుడూ కొలిచింది లేదు.
ఎదురెదురు ఇండ్ల ఆడవాళ్లు
గడప దిగకుండానే చింతపండు బదులిచ్చుకుంటారు.
అంత సందు.
అందులో నా బండి పోతే
ముగ్గు చెరిగిందని ఇంతవరకూ ఎవరూ తిట్టలేదు.

మేనల్లుడు మునిశేఖర్ కొత్త బండి తెచ్చినాడు.
బానెట్ మీద పసుపు ఇంకా ఆరలేదు.
ఎక్కేదానికి మెట్టుండాది దానికి.
చెంగమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కి
పైనుంచి నన్ను చూసింది.
పెండ్లినాడు కూడా
అంత ఎత్తునుంచి చూడలేదు నన్ను.

సందులో పట్టక
నీళ్ల ట్యాంకు కాడ పెట్టి నడిచొచ్చినాడు,
తాళంచెవి వేలికి తిప్పుకుంటా.
రాత్రి రెండు మార్లు లేచిపోయి
గీతలు పడినాయేమో టార్చి వేసి చూసొచ్చినాడు.
పొద్దున కాఫీ తాగతా,
మామా, ఆ అగ్గిపెట్టెలో ఎట్లా పోతావు, అన్నాడు.
ఒక్క మనిషికి ఏడు సీట్లు!
ఖాళీ బస్సు అలిపిరి దాటిస్తే
డిపోలో నాకు మెమో ఇచ్చేవాళ్లు,
నీకెవరిస్తారు రా, అన్నాను.

ఇక్కడ ఆపేస్తే గెలుపు నాదే.
కానీ స్టీరింగు పట్టినోడు అబద్ధం చెప్పకూడదు.

పూతలపట్టు రోడ్డులో
మామిడికాయల లారీ పక్కనుంచి పోతే
ఆ గాలికే నా బండి రవంత జరుగుతాది,
పెద్దాయన వస్తే అరుగు మీద జరిగినట్టు.
పలమనేరు పెండ్లికి నలుగురం పోతా
మొగిలి ఘాటులో ముందు ఏసీ ఆపినాను,
తర్వాత పాట ఆపినాను,
చివరికి బావమరిదిని దింపి నడవమన్నాను.
ఇప్పటికీ మాట్లాడడు.

ఎదురింటి మాబూబీకి
వారానికి రెండు దినాలు డయాలసిస్.
నా బండి సీటు ఆమె మోకాలి ఎత్తు.
గడపలోనుంచి అట్లా వచ్చి
పీట మీద కూర్చున్నట్టు కూర్చుంటాది.
దుడ్లు ఇవ్వబోతే తీసుకోను,
వెనక సీట్లో రెండు నిమ్మకాయలు పెట్టి దిగతాది.

ఆ శుక్రవారం తెల్లారుజామున
తిరుపతి మీద ఆకాశం తూము తెగింది.
వెస్ట్ చర్చి అండర్ బ్రిడ్జి కింద
ఆటో ఒకటి తేలతా ఉండాదని చెప్పినారు.
ఇంకో దారిలోనూ మోకాటి లోతు.
నా బండి సైలెన్సరు
నేలకు జానెడు.

శేఖర్‌కి ఫోన్ చేసినాను.
వచ్చినాడు, లుంగీతోనే.
ట్యాంకు కాడి దాకా నా బండిలో తెచ్చినాను ఆమెను.
అక్కడినుంచి నలుగురం పట్టి
ఆ మెట్టు ఎక్కించినాము.
నేనేం బియ్యం మూటనా, అని తిట్టింది,
అందరినీ, పేరు పేరునా.
నీళ్లు తలుపులకు కొడతా ఉంటే
ఆ బండి ఏనుగు మాదిరి, తొందర లేకుండా,
దాటింది.
నేను ఒడ్డున నిలబడి చూసినాను.
కుళ్లుకోలేదని చెప్పలేను.

సాయంత్రం తిరిగొచ్చినాక మాబూబీ
వాడికి నాలుగు నిమ్మకాయలిచ్చింది.
నాతో మెల్లగా అన్నది:
మంగళవారం నీ బండే తే నాయనా,
దాంట్లో కాళ్లు నేలకు అందవు.

వాన వెలిసినాక బండి తుడుస్తా ఉంటే
చెంగమ్మ వచ్చి ముందు సీట్లో కూర్చుంది,
తలుపు తీసిపెట్టి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటా.
ఏది మేలని అడగలేదు నేను.
ఆమే చెప్పలేదు.

సందులోకి వెనక్కి పెట్టేటప్పుడు మాత్రం
ఇప్పటికీ నా నడుము
లేని బస్సు తోక కోసం
తడుముకుంటాది.