తడి మొదలు

పొద్దున ట్రక్కు కింద మంచు మీద నల్ల మచ్చ.
నిన్న కోటు బొత్తామంత,
ఇవాళ అరచెయ్యంత.

రెయినో కంచె అవతలే నిలబడి తేల్చేశాడు:
"వెనక మెయిన్ సీల్, ఐలీ.
గేర్‌బాక్స్ దింపాలి. పన్నెండు వందల డాలర్లు."
చెయ్యి పట్టుకోకుండా నాడి చెప్పే వైద్యుడు.

ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని.
వెనక సీట్లో ఏడుపు వినపడితే
ఏడ్చేవాణ్ణి చూసి తీర్పు చెప్పకూడదని తెలుసు.
గిల్లినవాడు ఎప్పుడూ రెండు వరసలు ముందుంటాడు,
కిటికీలోంచి సరస్సు చూస్తూ,
ఎంత బుద్ధిమంతుడో.

కుక్క మేత అట్టపెట్టె చింపి కింద పరిచాను.
తెల్లారేసరికి మూడు చుక్కలు, ఒకే వరసలో.
వేలికి అద్దుకుని, రుద్ది, వాసన చూశాను.
ఎరుపు లేదు. తీపి వాసన లేదు.
గేరు నూనెకుండే ఆ కుళ్ళు గుడ్డు కంపూ లేదు.
ఇంజన్ నూనే. సరే, ఇంటి దొంగే.

శనివారం సౌనా పొయ్యి పక్కన
డీగ్రీజర్ డబ్బా వెచ్చబెట్టాను.
అమ్మ ఉంటే చీపురు తిరగేసేది.
గీకితే ఊడింది ఏళ్ళ నాటి మడ్డి,
అందులో పైన్ సూదులు, ఎలుక దాచుకున్న ఊలు,
ఎవరిదో ఒక చెవిపోగు. నాది కాదు.
కింద నీలం రంగు ఇంకా ఉంది.
నాకంటే బాగా దాచుకుంది వయసుని.

ఆరాక, కాళ్ళకి చల్లుకునే పౌడరు
ఇంజన్ పక్కల నిండా కొట్టాను.
వేషం కట్టిన నాటకాలవాడిలా తయారైంది.
తపాలా ఆఫీసు దాకా వెళ్ళి, ఉత్తరాలేమీ లేక,
అదే దారిన తిరిగొచ్చాను.

ఇప్పుడు వీపు కింద గోనెపట్టా,
నోట్లో టార్చి,
చేతిలో పళ్ళ డాక్టరు వాడే చిన్న అద్దం.
నూనెకి వచ్చిన విద్యలు రెండే:
కిందికి జారడం, గాలి తోస్తే వెనక్కి పోవడం.
అందుకని చుక్క రాలే చోటు
చుక్క పుట్టిన చోటు కాదు.
తడి వెంట పైకి పోవాలి,
పొడి తగిలేదాకా.

పోయాను. గేర్‌బాక్స్ మూతి తడి.
దాని పైన దిమ్మ అంచు తడి.
ఇంకా పైన, ముందుకి,
పుష్‌రాడ్ల పక్కమూత వెనక మూల తడి.
ఆ పైన పౌడరు చెక్కుచెదరలేదు.

ఆ మూల నారింజరంగు సీలెంటు ముద్ద.
ముద్ద మీద బొటనవేలి ముద్ర,
నడిమధ్య అడ్డంగా గీత:
తొమ్మిదేళ్ళప్పుడు గాలం కొక్కెం దిగిన వేలు.
ఉర్హో.

పడవ మోటారు దగ్గర మాటలాగిపోయి ఏడు నెలలు.
ఫోను చేశాను.
"ఈ మూతకి కొత్త గాస్కెట్ వేశానన్నావు."
అవతల టీవీలో హాకీ గోల. కాసేపటికి అదీ ఆగింది.
"పన్నెండన్నాడు కొట్లో. జేబులో తొమ్మిదే ఉన్నాయి."
"నన్నడగొచ్చుగా."
"అప్పటికే నీకు నలభై బాకీ."
పద్నాలుగేళ్ళు కారింది
మూడు డాలర్ల మొహమాటం.

ఆదివారం వచ్చాడు, చంకలో గాస్కెట్ పొట్లం.
ఇప్పుడది ముప్పై ఒకటట; రసీదు చూపించాడు.
మోటారు ఊసు వాడెత్తలేదు, నేనూ ఎత్తలేదు.
వాడి చేతులు వణుకుతున్నాయని
బోల్టులు నేనే బిగించాను, ముంజేతి బలంతోనే.
ఇంకాస్త అని బిగిస్తే రేకు వంగి
మళ్ళీ అక్కడే మొదలవుతుంది.
కాఫీ తాగాడు. రెండో కప్పు అడిగాడు.

సోమవారం అట్ట మార్చి చూశాను.
ఒక చుక్క.
ఒకటే, చిన్నది, బాగా వెనగ్గా,
మెయిన్ సీల్ ఉండే చోటికి సరిగ్గా కింద.

రెయినోకి చెప్పకండి.