మంద పెట్టిన రాత్రి

జొన్న కోసిన చేన్ల మా అన్న మంద పెట్టిచ్చిండు.
రాత్రికి తొమ్మిది వందలు, ఇరవై సేర్ల జొన్నలు,
కాపరులకు ఒక పూట బువ్వ.
నోటిమాటే. కాయితం లేదు.

నేను దామరగిద్దల పిల్లలకు చరిత్ర చెప్త.
తెల్లారితే హాన్ చక్రవర్తుల పాఠం.
పుస్తకం చంకల పెట్టుకొని చేనికాడికి పోయిన,
తెలుసుకుందామని కాదు, ఇంట్ల కరెంటు లేక.

మంద చుట్టు తుమ్మకంప.
దాటంగనే భుజం మీది పట్టుకండువా పర్రున చినిగింది.
నారాయణపేట మగ్గం మీద మా చిన్నాయన నేసింది.
తాయప్ప నవ్విండు.

నాకు నవ్వు రాలె.
రెండువేల రెండొందల ఏండ్ల కింద
చైనా దర్బారు పంపితే గడ్డిబీళ్లకు పోయి
అక్కడోళ్లల్ల కలిసిపోయిన ఒకాయన
షియోంగ్ను రాజుతోని ఇదే చెప్పిండట:
"వాళ్ల పట్టు కట్టుకొని ముండ్లపొదల్ల గుర్రాలు తోలుండ్రి,
పేలికలైతది.
మీ ఉన్ని మీకు మేలు."

"తెలివైనోడే" అన్నడు తాయప్ప,
గొంగడి కొస నిప్పుకు తగలకుండ సర్దుకుంట.

మందలోళ్లు రావొద్దని గోడ కట్టిన్రు, అని చెప్పిన.
"రాయితోనా?"
అప్పట్ల మట్టే. పలకల నడుమ పోసి
దిమ్మిసతోని కొట్టి, మళ్ల పోసి, మళ్ల కొట్టి,
నెలలకొద్ది నడిచినా ఒడువనంత.
"కట్టిందెవరు?"
దూరం నుంచి తోలుకొచ్చిన కూలోళ్లు.
శానామంది తిరిగి ఇల్లు చేరలె.
పుల్లతోని నిప్పు కెలికి కెలికి అడిగిండు:
"పాలమూరోళ్లేనా, సారూ?"

నేను నవ్విన. ఆయన నవ్వలె.
ఆయన తమ్ముడు తిప్పన్న
ఎక్కడిదో కట్ట పనికి మేస్త్రీ లారీ ఎక్కి పోతే
గొంగడి ఒక్కటే తిరిగొచ్చిన సంగతి
నాకు ఆలస్యంగ యాదికొచ్చింది.

చీకట్ల ఏడొందల నోళ్లు నెమరేస్తున్నయి.
కుక్క ఒకసారి మొరిగి, తప్పు మొరిగిన్నని పండుకుంది.

గోడ ఆపలేక సంధి చేసుకున్నరు, అన్న.
ఏటా ఇన్ని మూటల పట్టు, ఇంత ధాన్యం, ఇంత సారా.
తాయప్ప జొన్నమూట దిక్కు చూసి
"మన లెక్కనే" అన్నడు.
పైన ఒక రాజకుమారి.
సొంత బిడ్డే కావాలని లేదు,
ఎవరి పిల్లకో బిడ్డ అని పేరు పెట్టి పంపిన్రు.

శానాసేపు ఏం అనలె.
"ఆ పిల్లకు గొర్రెపాలు పడ్డయా?"

టార్చి ఏసి పుటలు తిప్పిన.
మూటల లెక్క ఉంది, గుర్రాల లెక్క ఉంది,
ఏ ఏడు సంధి తెగిందో ఉంది.
పాల సంగతి లేదు.
రాసినోళ్లంత గోడకు ఇవతల కూసున్నోళ్లు.
అవతలోళ్ల మాట గుర్రమెక్కి పోయింది.

"మా కోడలు ఊరి పిల్ల" అన్నడు, అడగకుండనే.
"మొదటి ఏడు వాసనకే కక్కింది.
రెండో ఏడు, అడ్డం తిరిగిన పిల్లను
చెయ్యి పెట్టి గుంజి గొర్రెను బతికిచ్చింది.
బస్సు కనపడితే మాత్రం
ఇంకా నిలబడి చూస్తది."

మంచు దిగుతుంటే గొంగడి నా మీద కప్పిండు.
చింతగింజల గంజి పట్టిచ్చి
తలుపు చెక్కలెక్క బిర్రుగున్నది.
మంచు పైన్నే ఆగింది.

నేను లేచేసరికి మంద లేదు.
కంప గూడ పీకి మోపు కట్టుకపోయిన్రు,
వాళ్ల గోడ వాళ్ల నెత్తి మీదనే,
కృష్ణ ఒడ్డు దిక్కు.
నల్లవడ్డ చేను చూసి అన్న మురిసిండు.

బడికి నేరుగ పోయిన.
బోర్డు మీద "సంధి" అని రాసి తిరిగితే
ముందు బెంచీ పిల్ల ముక్కు మూసుకున్నది.
స్నానం చేసి రావాల్సింది.
గొర్రెపాల సంగతి మొదలుపెట్టంగనే
వెనుక నుంచి ఒకడు లేచి అడిగిండు:
"ఇది పరీక్షల వస్తదా, సార్?"

రాదు, కూసో.
మూటల లెక్క వస్తది.