హూరు బిళ్ళ

కంపెనీ మస్టర్‌లో మా నాయన ఓదెలు,
గుడి దఫ్తరంలో నతానియేలు.
రెండు పేర్లకూ ఒకటే దగ్గు.

బెల్లంపల్లిలో లైన్ క్వార్టర్ల వెనక
రేకుల గుడి మాది.
ఎండకు రేకు టిక్కుమంటే
ప్రసంగం మధ్యలో తల ఎత్తి చూసేటోడు.
ముప్పై రెండేండ్లు బాయిల టింబర్‌మన్,
ఏ కప్పునూ నమ్మని మనిషి
పైనున్నోణ్ణి మాత్రం నమ్మిండు.

ఆయన మళ్ళీ మళ్ళీ చదివే చోటు ఒకటుండేది.
కింద లోయల కొట్లాట.
గుట్ట మీద మోషే చేతులెత్తి నిలబడ్డడు.
చేతులు లేస్తే మనోళ్ళు గెలుస్తరు,
వాలితే అమాలేకు గెలుస్తది.
ముసలి చేతులు, ఎంతసేపని లేస్తయ్?
ఓ రాయి తెచ్చి కూసోబెట్టి
ఇటు అహరోను, అటు హూరు
పొద్దు గుంకేదాక పట్టుకున్నరు.

"అగో, అది టింబరింగు" అనేటోడు నాయన.
"పెద్దమనిషంటే కప్పు.
కప్పుకు తనదంటూ బలముండది.
కింద రెండు గుంజలున్నన్ని రోజులే
దాన్ని ఆకాశమంటరు."
జనం నవ్వేటోళ్ళు, రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినోళ్ళు,
కండ్లకింకా బొగ్గు కాటుక.

ఆ తర్వాతి పేజీల కాడ మాత్రం తడబడేటోడు.
మోషే కొండెక్కుతూ జనాన్ని ఇద్దరికి అప్పజెప్పిండు.
నలభై దినాలకు దిగొచ్చేసరికి
చెవుల కమ్మలు కరిగి దూడయినయ్.
అహరోను నీళ్ళు నములుతున్నడు.
హూరు లేడు.
సచ్చిండని లేదు, పారిపోయిండని లేదు.
గుడారం పని చేసిన మనుమని పేరు ఎనక
ఒక ముక్కగా తప్ప మల్ల కానరాడు.

ల్యాంపు రూముల ఒక బోర్డుండేది.
దిగేటోడు బిళ్ళ ఇచ్చి దీపం తీస్కుంటడు,
ఎక్కొచ్చినోడు దీపమిచ్చి బిళ్ళ తీస్కుంటడు.
షిఫ్టు అయినంక బోర్డు మీద బిళ్ళ మిగిలితే
మనిషి ఇంకా లోపలున్నట్టు.
"హూరు బిళ్ళ బోర్డు మీదనే ఉంది"
అని గ్రంథం మూసేటోడు.
మేం అది ప్రసంగమే అనుకున్నం.

రిటైరైన ఏడు, పండుగా కాదు పబ్బమూ కాదు,
ఉత్త ఆదివారం, పద్నాలుగు మందిమి.
అదే చోట ఆగి, కండ్లద్దాలు తీసిండు.

"రాజలింగు, నేను ఒకటే దుంగకు రెండంచులం.
ఆ రాత్రి కర్రతోని తట్టిండు. కప్పు డొల్ల పలికింది.
పోవద్దన్నడు.
దసరా ముంగట. అందరికీ బోనస్ కావాలె.
సర్దారు నా దిక్కు చూసిండు,
జనం నా దిక్కు చూసిండ్రు.
నా మాట ఇనేటోళ్ళు.
నేను వంగి
బూటు తాడు కట్టుకున్న.
వద్దన్నోడే అందరికంటే ముందు పోయిండు,
గుంజ నిలబెడదామని.
హూరు ఏడికి పోయిండో నన్నడుగున్రి.
అహరోనును నేనే."

ఎవ్వరూ ఆమెన్ అనలే.
రేకు టిక్కుమన్నది.
ఆయన పైకి చూడలే.

మిరుగు ముంగట గుడి దూలం ఒంగింది.
మంచిర్యాల నుంచి వెల్డింగు పిలగాడొచ్చిండు, లింగేశు,
తాత పేరు సగం మోస్తున్నోడు.
నిచ్చెనెక్కి, సుత్తెతోని దూలాన్ని తట్టి
చెవి పెట్టి విన్నడు.
ఎవరు నేర్పిండ్రో.

నాయన కింద నిచ్చెన పట్టుకున్నడు.
నీడకు రమ్మంటే రాలే, అన్నానికి పిలిస్తే రాలే.
చేతులు వణికితే మోచేతులు ఆనిచ్చిండు.
బిళ్ళ సంగతి ఎత్తలే. తాత సంగతి ఎత్తలే.
నిప్పురవ్వలు నెత్తి మీద పడి ఆరిపోతున్నయ్.

పొద్దు గుంకింది. పిలగాడు దిగి
చేతులు దులుపుకొని, పక్కకొచ్చి నిలబడి,
"ఇగ ఇడువు తాతా, దిగిన" అన్నడు.

నాయనకు వినబడలే.