తాళం లాగి చూడటం

పట్నంబజారు ఔట్‌పోస్టులో మేం ఏడుగురం.
సెలవులూ బందోబస్తులూ కోర్టు వాయిదాలూ తీసేస్తే
రాత్రికి మిగిలేది ముగ్గురం.
లాఠీలు రెండు. ఒకటి పగిలితే
సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు.

చేరిన మొదటి రాత్రే
హెడ్డు యేసుపాదం గారు పని చెప్పారు:
"తాళం చూస్తే తెలవదమ్మా, లాగాల.
మూసినట్టుండే తాళాలు
ఈ గుంటూరులో చానా ఉన్నయ్."

అప్పట్నుంచీ లాగుతూనే ఉన్నాను.
నూట నలభై మూడు షట్టర్లు, రెండేసి తాళాలు.
ఇత్తడివి ధనుర్మాసంలో వేళ్ళను కరుస్తాయి,
పాత ఇనపవి అరచేతికి తుప్పు రాసి పంపుతాయి.
పొద్దున అన్నం కలుపుతుంటే
ముద్దలో వాటి వాసన.

పగలు ఇక్కడ కాలు పెట్టే సందుండదు.
తువ్వాలు కింద వేళ్ళు నొక్కి బేరం తేల్చే ముసలాళ్ళు,
నోటిమాట మీద లక్షలు దాటించే కుర్రాళ్ళు,
ఖాతా పుస్తకాలకు ఎర్రగుడ్డ అట్టలు కుట్టే ఖాజా మియా,
బోణీ కాకుండా అప్పడిగితే
మొహం తిప్పుకునే బెల్లం కొట్లు.
రాత్రి వీధి పొడుగునా
రూపాయి పడుకుంటుంది.
దాని గురక మాకు తెలుసు:
ఎలకలు, గోడగడియారాలు,
ఏ వెండి కొట్లోనో ఆపడం మర్చిపోయిన ఫ్యాను.

యార్డు వైపు నుంచి గాలి తిరిగిందా,
దొంగా పోలీసూ ఒకేలా తుమ్ముతారు.
మస్తాన్‌వలి ఒకణ్ణి పట్టుకుంది అట్టాగే,
బియ్యం కొట్టు వెనక గోడ మీద,
మూడో తుమ్ము దగ్గర.

కంసాలి సందు మలుపులో
మెట్టు విరిగిన కొట్టు ఒకటుంది,
వూటుకూరి వీరభద్రయ్య గారిది.
లోపల ఇనప్పెట్టెలో, గుడ్డసంచిలో,
నా పేరు రాసిన చీటీతో
నా గాజులు రెండున్నాయి.
గాలివానకు లేచిపోయిన రేకులు
కొత్తవి వేయించినప్పుడు పెట్టినవి.
నూటికి రెండు.
ఆ తాళాలు రెండేసి సార్లు లాగుతాను,
ఒకసారి సర్కారు తరఫున,
ఒకసారి నా తరఫున.

కార్తీకంలో ఒక రాత్రి, కరెంటు లేదు,
సన్నగా జల్లు.
ఎడమ తాళం ఊడి చేతిలోకొచ్చింది.
కుడిది కొక్కేనికి ఊరికే వేలాడుతోంది.
షట్టరు జానెడు లేచి ఆగింది.
కింది నుంచి సాంబ్రాణి వాసన,
లోపల చీకటి.
పెట్టె పదడుగుల్లో ఉందని
వడ్డీ కట్టడానికి పోయినప్పుడల్లా చూసిందే.

షట్టరు దించి వీపు ఆనించి నిలబడ్డాను.
సెట్టులో చెప్పాను. గొంతు నాది కాదనిపించింది.
యేసుపాదం గారొచ్చి ఏమీ అడగలేదు,
విరిగిన మెట్టు మీద కూచుని
టోపీ తీసి నీళ్ళు దులిపారు.
తెల్లారేసరికి
చేతిలో తాళం ఒళ్ళంత వెచ్చగా ఉంది.

వీరభద్రయ్య గారు చెప్పుల్లేకుండా వచ్చారు.
లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు.
మూడోసారి మొదలుపెడుతూ
మా జేబుల వైపు ఒకసారి చూసి
తల దించుకున్నారు.
అన్నీ ఉన్నాయి. నావీ ఉన్నాయి.
గుమస్తాకు చూపానదంట,
కప్ప నొక్కకుండానే తాళంచెవి తిప్పి పోయాడంట.
టీకని రెండొందలు తీశారు.
"దాంతో ఆయనకి కళ్ళజోడు కొనిపెట్టండి,"
అన్నారు యేసుపాదం గారు.

బీటు పుస్తకంలో రాశాను:
తాళాలు పడలేదు. యజమాని వచ్చి వేసుకున్నారు.
సరుకు భద్రం.
ఇంకా ఒక గీత ఖాళీ మిగిలింది,
దాని మీద సంతకం పెట్టాను.

ఆ నెల వడ్డీ ఆయన తగ్గించలేదు.
నేనూ అడగలేదు.

మర్నాడు రాత్రి ఆ కొట్టుకు తాళాలు మూడు.
మూడూ లాగాను.