లామారా కాటా

నా దగ్గరున్న త్రాసు మిల్లీగ్రాములే తూస్తుంది.
ఇరవై ఏళ్లు మందుల కొట్లో నిలబడ్డదాన్ని,
కిలోలతో పరిచయం తక్కువ.
అందుకే సంచీ వీపుకెత్తుకుని
నాణెం వేస్తేగాని కదలని లిఫ్టులో ఏడంతస్తులు దిగి
బురదమంచు తొక్కుకుంటూ డెజర్టర్ బజారుకొచ్చాను.
కొత్త బూట్లకి నడక నేర్పాలి కదా.
ఎడమ మడమ మీద పొక్కు మాత్రం
వీసా అడక్కుండానే దిగిపోయింది.

లామారా దుంపలు తూచే కాటా కొక్కేనికి
సంచీని తగిలించింది.
ముల్లు ఊగి ఊగి పదహారున్నర దగ్గర ఆగింది.
"ఎక్కడికే ఎలిసో, ఇంత బతుకు కట్టుకుని?"
"పెరూ. తర్వాత బొలీవియా. పదకొండు నెలలు."
ఆమె ఓ బంగాళాదుంపని చేతిలోకి తీసుకుని
మట్టి తుడిచి చూపించింది.
"దీని పుట్టింటికా! టీవీలో చెప్పారు.
అక్కడ నీలం రంగువి కూడా ఉంటాయట,
నమ్మొచ్చంటావా?"

అప్పుడు మొదలైంది పంచాయితీ.
టార్పాలిన్ పరిచి, నా పదకొండు నెలల్నీ
తార్రాగాన్ కట్టల పక్కన ఆరబోశారు.
జున్ను అమ్మే నానూలీ రెండో జీన్సు పక్కన పడేసింది:
తడిస్తే దూడంత బరువు, ఆరాలంటే మూడు రోజులు.
హెయిర్ డ్రయ్యర్ చూసి ఎవరూ ఏమీ అనలేదు.
అదే ఎక్కువ సిగ్గేసింది.
వానకోటు ఉండనీ అన్నారు. ఊలు మేజోళ్లు మూడు జతలు, ఉండనీ.
పాస్‌పోర్టు నకళ్లు, బీమా కాగితం,
రెండు రాత్రులు జ్వరంతో కొన్న ఎల్లో ఫీవర్ పసుపు కార్డు,
అన్నిటినీ లామారా ఊరగాయ కవర్లో చుట్టి ముడేసింది.
సరిహద్దు దగ్గర ఏ అధికారి విప్పినా
వెల్లుల్లి వాసన ముందుగా పలకరిస్తుంది.

తర్వాత నా మందుల సంచీ.
పంతొమ్మిది రకాలు, అక్షర క్రమంలో సర్దినవి.
ఏది దేనికో చెబుతూ పోయాను,
పాఠం ఒప్పజెప్పినట్టు.
పన్నెండో పేరు దగ్గర లామారా చెయ్యి అడ్డం పెట్టింది.
"ఇంకా రాని జబ్బుల్ని కూడా మోస్తావా తల్లీ?"
ఇరవై ఏళ్లలో కౌంటరుకి అవతల నిల్చుని
నన్ను ఈ మాట అడిగినవాళ్లు లేరు.
నాలుగు ఉంచాను. సరే, ఐదు.

సర్దడం ఒతార్ వంతు.
రైలు దిగినవాళ్ల మూటలు మోసి మోసి
కుడిభుజం ఓ వేలెడు కిందికి జారినవాడు.
"పరుపు అడుగున. బరువుది వెన్నుకి ఆనించి,
భుజాల ఎత్తున. లేకపోతే అది నిన్ను
ప్రతి అడుగుకీ వెనక్కి పిలుస్తూనే ఉంటుంది."
నడుం పట్టీ తనే బిగించి
గుర్రానికి జీను చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు.
అతను కుతాయిసి దాటి వెళ్లలేదు.
ఎందుకెళ్లాలో ఎప్పుడూ తోచలేదట.

మళ్లీ కొక్కేనికి. పదిన్నర.
"పదికి దించాలి," అన్నాను.
"ఇంకో అరకిలో ఎక్కడ తీయాలో తెలియడం లేదు."
లామారా అటూ ఇటూ చూసింది.
నానూలీ ఎవరితోనో బేరంలో ఉంది.
సంచీ దించి, కళ్లతోనే కాటా చూపించింది.
కొక్కేనికి ఏమీ లేదు.
ముల్లు మాత్రం అరకిలో గీత మీద
తాపీగా కూర్చుని ఉంది.

"పదే," అంది, చాలా మెల్లగా.

ఎన్నేళ్లుగా ఈమె దగ్గర దుంపలు కొంటున్నానో
మనసులో కూడుకున్నాను.
ఆమే అదే కూడిక చేస్తున్నట్టుంది,
చెంపలు ఎర్రబడ్డాయి.
ఫిబ్రవరి కదా, చలికి అనుకోవచ్చు.

గల్లాపెట్టె కిందనుంచి
ఓ ఖాళీ గుడ్డసంచీ తీసి దులిపి
కొక్కేనికి తగిలించింది.
"అరకిలో," అంది, మళ్లీ వ్యాపారం గొంతుతో.
"నీకు బాకీ. పట్టుకెళ్లు."

మడిచి పై అరలో పెట్టుకున్నాను.
ఒతార్ వచ్చి పట్టీలు ఇంకాస్త బిగించాడు,
ఆ బరువు కూడా లెక్కలో వేసుకుని.